రెండున్నర గంటలు

ఐదో తరగతి లెక్కల్లో దూరం, కాలం, వేగం పాఠం వచ్చినప్పుడల్లా మా అక్క అడిగిన ప్రశ్న గుర్తొస్తుంది నాకు. సొంత అక్క కాదు, పెదనాన్న కూతురు. ఆవిడ బడికి పోలేదు. ఆవిడ కూతురు మాత్రం నా దగ్గరే అక్షరాలు దిద్దింది, ఆశ్రమ పాఠశాలలో పది చదివింది, ఇంటర్ అయ్యాక ఢిల్లీలో నర్సింగ్ చదువుకు సీటు తెచ్చుకుంది. మా ఊరి నుంచి విశాఖపట్నం దాటి చదువుకు పోయిన మొదటి ఆడపిల్ల అది.

సీటు వచ్చిన కబురు తెలిసిన రోజు సాయంత్రం అక్క మా ఇంటి అరుగు మీద కూర్చుంది. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరవాత అడిగింది.

"తమ్ముడూ, ఢిల్లీ ఎంత దూరం ఉంటాది? ఇంట్లో ఏదైనా అయితే పిల్ల ఎంతసేపట్లో వస్తాది?"

అక్క పంపనంటుందేమోనని నా భయం. ఫోన్ తీసి వెతికాను. విశాఖ నుంచి ఢిల్లీకి విమానం రెండు గంటల ఇరవై నిమిషాలు అని చూపించింది. ఒక పది నిమిషాలు కలిపి చెప్పాను.

"రైల్లో అయితే రెండు రాత్రులు పడద్ది. విమానంలో అయితే రెండున్నర గంటలే అక్కా."

"రెండున్నర గంటలేనా? సంతకి పోయి రావడానికే ఒక పూట పడతాది కదా మనకి!" అంది. ఆ రాత్రే బావతో మాట్లాడి ఒప్పించింది. అలా ఆ పిల్ల ఢిల్లీ చదువుకు నా అంకె ఒక కారణం. అది అబద్ధం కాదు. కానీ నిజం కూడా కాదని తెలియడానికి నాకు రెండేళ్ళు పట్టింది.

మాది అరకు లోయ వైపు ఊరు. మా అవ్వకి కిలోమీటర్లు తెలియవు. ఆవిడ కొలత చుట్ట. సంతకి ఎంత దూరం అంటే "పసుపు మోసుకుని పోతే మూడు చుట్టలు, ఖాళీగా వస్తే రెండు" అనేది. దగ్గర ఊరైతే "కేక దూరం". వానాకాలంలో అదే సంత "ఈ పూటకి కాదు" అయిపోయేది. చిన్నప్పుడు నాకు అది వెటకారంగా ఉండేది. భీమునిపట్నం డైట్‌లో ఉపాధ్యాయ శిక్షణకు వెళ్ళినప్పుడు, ప్రామాణిక కొలతలు, అప్రామాణిక కొలతలు అనే పాఠం బోధించమంటే అవ్వ చుట్టని అప్రామాణిక కొలతకి ఉదాహరణగా చెప్పి అందరినీ నవ్వించాను కూడా. దూరం ఎప్పుడూ ఒక్కటే, మోసే బరువును బట్టి మారదు అని చెప్పాను. మంచి మార్కులే వచ్చాయి.

అవ్వ దూరం చెప్పడం లేదు, కాలం చెప్తోందని అప్పుడు నాకు తట్టలేదు. ఎవరు నడుస్తున్నారు, ఎంత మోస్తున్నారు, ఎక్కుతున్నారా దిగుతున్నారా, ఏ కాలం, అన్నీ ఆ చుట్టలో ఉన్నాయి.

పిల్లని దించడానికి నేనే వెళ్ళాను. రాయగడ, రాయపూర్ మీదుగా పోయే బండ్లు కూడా ఉన్నాయి గానీ మాకు టికెట్లు దొరికింది విజయవాడ మీదుగా పోయేదానికి. ఆ దారిన ఢిల్లీ దాదాపు 2,100 కిలోమీటర్లు. నేను తీసుకెళ్ళిన అట్లాసులో పిల్ల వేలు పెట్టి ఒక్కో స్టేషనూ చూస్తూ వచ్చింది. రాజమండ్రి దాటాక అంది, "మావయ్యా, ఢిల్లీ పైన ఉంటే మనం కిందికి పోతున్నాం. ఊరికే కాదు, ఢిల్లీకి ఇంకా దూరం అవుతున్నాం." నిజమే. విశాఖ నుంచి విజయవాడ దాకా రైలు నైరుతికి పోతుంది. అక్కడ తిరిగి వరంగల్, నాగపూర్, భోపాల్, గ్వాలియర్, ఆగ్రా. మధ్యలో అడ్డంగా ఉన్నవి తూర్పు కనుమలు, వాటి వెనక అడవులు. అంటే మేమే.

మా కొండల్లోంచి రైలు లేకపోలేదు. కొత్తవలస నుంచి కిరండూల్ దాకా 1960 దశకంలో లైను వేశారు. కొండలు తొలిచి యాభైకి పైగా సొరంగాలు చేశారు. బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి దించి జపాన్‌కి పంపడానికి. ఖనిజానికి కావాలంటే కొండ అడ్డం కాలేదు. ఆ పట్టాల మీదే మా పాసింజరు బండీ నడుస్తుంది, అది వేరే సంగతి.

తిరిగొచ్చాక బడిలో పిల్లలతో ఒక పని చేయించాను. గోడ మీది భారతదేశ పటంలో విశాఖ దగ్గర ఒక గుండుసూది, ఢిల్లీ దగ్గర ఒక గుండుసూది గుచ్చి మధ్య దారం లాగి కట్టాం. పటం కింద ఉన్న స్కేలుతో కొలిస్తే 1,360 కిలోమీటర్లు వచ్చింది. రైలు దారికీ ఈ దారానికీ దాదాపు 740 కిలోమీటర్ల తేడా.

దారం దేని మీదుగా పోతోందో చూడమన్నాను. అప్పుడే ఒక పిల్లాడు అరిచాడు, "మాస్టారూ, మన అరకు మీంచే పోతంది!"

నేను నమ్మలేదు. అట్లాసు తెచ్చి అక్షాంశాలు, రేఖాంశాలు లెక్కవేశాను. వాడన్నది సరే. విశాఖ–ఢిల్లీ తిన్నటి గీత ముందు అరకు లోయ మీదుగా పోతుంది. తరవాత కొరాపుట్. బస్తరుని ఎడమ పక్కన ఉంచి, రాయపూర్‌కి కొంచెం పశ్చిమాన, గోండులు, బైగాలు ఉండే కాన్హా అడవి మీదుగా, జబల్పూర్ దగ్గరగా, గ్వాలియర్ పక్కగా ఢిల్లీ చేరుతుంది. సగం దారి మన జనం నెత్తి మీంచే. ఆ దారాన్ని ఏడాదంతా పటం మీద అలాగే ఉంచేశాను. పిల్లలకి అది చాలా నచ్చింది. ఆకాశంలో విమానం చప్పుడు వినపడితే చాలు, "ఢిల్లీ విమానం" అనేవారు. అన్నీ ఢిల్లీవి కావు, విమానాలు గీత గీసినట్టు దారం మీదే పోవు కూడా. వాటికీ దారులు నిర్ణయించి ఉంటాయి. అయినా నేను సరిదిద్దలేదు.

ఉపాధ్యాయ మిత్రులు ఈ లెక్కని ఒకసారి తరగతిలో చేయించి చూడండి. పుస్తకం పద్ధతిలో అయితే, విమానం వేగం గంటకు 800 కిలోమీటర్లు, దూరం 1,360, భాగిస్తే 1.7 గంటలు. అంటే ఒక గంటా 42 నిమిషాలు. టికెట్ మీద మాత్రం రెండు గంటల ఇరవై నిమిషాల వరకు ఉంటుంది. మిగతా ముప్పై ఎనిమిది నిమిషాలు ఏమయ్యాయి? టికెట్ మీద కాలం గేటు దగ్గర విమానం కదిలినప్పటి నుంచి మళ్ళీ గేటు దగ్గర ఆగే దాకా లెక్క. నేల మీద మెల్లగా రన్‌వే దాకా పోవాలి, తన వంతు కోసం ఆగాలి. పైకి లేచాక పది, పదకొండు కిలోమీటర్ల ఎత్తుకి ఎక్కడానికి ఇరవై నిమిషాలకి పైనే పడుతుంది. ఎక్కేటప్పుడు పూర్తి వేగం ఉండదు. దిగడం ఊరు ఇంకా 200 కిలోమీటర్లు ఉందనగానే మొదలవుతుంది. ఢిల్లీ లాంటి చోట దిగే వంతు రాకపోతే ఆకాశంలోనే చుట్లు కొట్టాలి.

గాలి కూడా ఉంది. చలికాలంలో ఉత్తర భారతం మీద, విమానాలు తిరిగే ఎత్తులో, పడమటి నుంచి తూర్పుకి బలమైన గాలి ప్రవాహం ఉంటుంది. ఢిల్లీ మనకి వాయవ్యాన ఉంది కాబట్టి పోయేటప్పుడు అది ఎదురుగాలి, వచ్చేటప్పుడు వాలుగాలి. దూరం ఒకటే, పోయే కాలం వేరు, వచ్చే కాలం వేరు. వానాకాలంలో దక్షిణాదిన ఆ ఎత్తులో గాలి తూర్పు నుంచి వీస్తుంది, లెక్క మళ్ళీ మారుతుంది. ఇంకా పెద్ద దూరాల్లో ఇది మరీ స్పష్టం. 2016 అక్టోబరులో ఎయిర్ ఇండియా ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి అట్లాంటిక్ వైపు మాని పసిఫిక్ మీదుగా విమానం నడిపింది. ఆ దారి దాదాపు 15,300 కిలోమీటర్లు, పాత దారి కన్నా వెయ్యికి పైగా ఎక్కువ. అయినా వెనక నుంచి గాలి తోయడం వల్ల పద్నాలుగున్నర గంటల్లోనే చేరింది, పాత దారి కన్నా ముందే.

ఇది చదివిన రోజు నాకు అవ్వ గుర్తొచ్చింది. బరువుతో మూడు చుట్టలు, ఖాళీగా రెండు. కొండెక్కే దగ్గర దారి మాని చుట్టూ తిరిగి పోతే ముందు చేరతామని కూడా చెప్పేది. పైలెట్లు చేసే లెక్కే అది. డైట్‌లో నేను నవ్వించిన తరగతిని మళ్ళీ పిలిచి చెప్పాలనిపించింది.

ఇంత తెలిసిన నేను అక్కకి చెప్పిన అంకెని మాత్రం సరిదిద్దలేదు. ఆవిడ ఎప్పుడైనా పిల్ల మీద బెంగ పెట్టుకుంటే, ఇంట్లో ఎవరో ఒకరు "రెండున్నర గంటలే కదా" అనేవారు. అదొక ఊతపదం అయిపోయింది. నేనూ అనేవాణ్ణి.

పిల్ల రెండో ఏడాది చదువుతుండగా ఆగస్టులో మా బావ జీలుగు చెట్టు మీంచి జారి పడ్డాడు. వాన తడికి పట్టు తప్పింది. నడుం విరిగింది. ఆసుపత్రి చేర్చాం, నాలుగు రోజులు ఉంచారు, ఇంటికి తీసుకుపొమ్మన్నారు. పిల్లకి కాలు బెణికిందని మాత్రమే చెప్పాం, పరీక్షలు ఉన్నాయని. ఇంటికి తెచ్చిన మూడో రోజు తెల్లవారుజామున పోయాడు.

మా ఊళ్ళో సిగ్నల్ లేదు. వానలో గుట్ట ఎక్కి ఆరున్నరకి పిల్లకి ఫోన్ చేశాను. చెప్పాను. అవతల నుంచి ఏడుపు కూడా వినపడలేదు. "వస్తాను మావయ్యా, విమానం ఎక్కించు" అంది. పొద్దుటి విమానంలో సీట్లు లేవు. రెండున్నరకి ఒకటి ఉంది. టికెట్ తొమ్మిది వేలు దాటింది. తోటి మాస్టారు ఒకాయన డబ్బు పంపితే కొన్నాను. గుట్ట దిగి వచ్చి అక్కకి చెప్పాను, పిల్ల బయల్దేరుతోంది అని.

అక్క ఏడుస్తూనే లెక్క వేసింది. మధ్యాహ్నం రెండున్నరకి ఎక్కుతాది, ఐదింటికి వచ్చేస్తాది.

అక్కడే నోరు తెరిచి చెప్పాల్సింది నేను. ఐదింటికి వచ్చేది విశాఖకి, ఇంటికి కాదు అని. చెప్పలేదు. అంతమంది మధ్య ఆవిడ ఆ ఒక్కమాట పట్టుకుని కూర్చుంది. సాయంత్రానికి ఏదో ఒకలా చేరుతుందిలే అని నన్ను నేను కూడా నమ్మించుకున్నాను.

పొద్దు కుంగేలోపు మట్టి చెయ్యాలని మా పెద్దల పట్టు. పైగా ఆ వాన, ఆ ఉక్క. మూడింటికి పెద్దలు కదిలారు. అక్క అడ్డుపడింది. "నా కూతురు దారిలో ఉంది. రెండున్నర గంటలే. తమ్ముడు చెప్పాడు" అంది. అందరూ నా వైపు చూశారు. ఇంకాసేపు ఆగుదాం అన్నాను. నాలుగున్నర అయింది. ఐదయింది. మబ్బు వల్ల అప్పటికే చీకటి పడ్డట్టుంది. ఇక ఆగలేమన్నారు. ఐదున్నర దాటాక మట్టి చేశాం.

తరవాత పిల్ల చెప్పిన దాన్ని బట్టి, రెండున్నరకి లేవాల్సిన విమానం మూడూ నలభైకి కదిలింది. ఆరింటికి విశాఖలో ఆగింది. వెనక్కి లెక్కవేస్తే అరకు మీదికి వచ్చేసరికి ఐదూ నలభై, నలభై ఐదు అయి ఉంటుంది. మేం చేతుల్లో మట్టి పట్టుకుని నిలబడ్డ సమయం. అప్పుడు వాన పడుతోంది. చప్పుడు ఏదీ వినపడలేదు. వినపడినా నేను పైకి చూసేవాణ్ణో లేదో. కిటికీ పక్క సీటేనట పిల్లది, కింద తెల్లగా మబ్బు తప్ప ఏమీ కనపడలేదంది.

అంతవరకూ వచ్చి, మమ్మల్ని దాటి డెబ్భై ఏడు కిలోమీటర్లు ముందుకి పోయి దిగింది. అక్కడి నుంచి వెనక్కి, ఇంటికి రావడానికి ఆ పిల్లకి పదమూడు గంటల నలభై ఐదు నిమిషాలు పట్టింది.

ఆ సమయానికి పాసింజరు లేదు, బస్సు లేదు. వానలో రాత్రి ఘాట్ రోడ్డుకి రామని ఇద్దరు డ్రైవర్లు అన్నారు. ఎనిమిదింటికి ఒకాయన ఒప్పుకున్నాడు. అనంతగిరి దగ్గర చెట్టు పడి దారి ఆగింది. అరకు దాటి మా గెడ్డ ఒడ్డుకి చేరేసరికి రాత్రి ఒకటీ ముప్పావు. గెడ్డ పొంగి ఉంది. డ్రైవరు మంచివాడు, ఆ పిల్లని ఒంటరిగా దించి పోలేదు, కారులోనే కూర్చోబెట్టాడు. అవతలి ఒడ్డు నుంచి మా ఇంటికి నడక అరగంట. దీపం వెలుగు కూడా కనపడేంత దూరం. అక్కడ ఐదుంపావు గంటలు కూర్చుంది. ఏడింటికి నీరు తగ్గితే కుర్రాళ్ళు తాడు పట్టి దాటించారు. ఏడూ ముప్పావుకి గుమ్మంలోకి వచ్చింది.

అక్క లేచి కూతుర్ని పట్టుకుంది. చాలాసేపు అలాగే ఉంది. తరవాత నా వైపు చూసి, "రెండున్నర గంటలన్నావు కదా తమ్ముడూ" అంది. కోపంగా అనలేదు. నిజంగా తెలుసుకోవడానికే అడిగినట్టు అంది. తన లెక్క ఎక్కడ తప్పిందో మాస్టార్ని అడిగే పిల్లలా. నా దగ్గర జవాబు లేదు.

పెద్దకర్మ అయ్యాక బడికి వెళ్ళి, ఆ ఏడాది దూరం–కాలం పాఠాన్ని పుస్తకం మూసి చెప్పాను. పిల్లందరికీ జరిగింది తెలుసు. నల్లబల్ల మీద ఇలా రాశాను: హాస్టల్ నుంచి విమానాశ్రయం గంటన్నర. అక్కడ ఎదురుచూపు 3 గంటల 40 నిమిషాలు. విమానం 2 గంటల 20 నిమిషాలు. విశాఖలో బండి కోసం 2 గంటలు. కారు 5 గంటల 45 నిమిషాలు. గెడ్డ ఒడ్డున 5 గంటల 15 నిమిషాలు. దాటి నడిచింది 45 నిమిషాలు. కూడమన్నాను. 21 గంటల 15 నిమిషాలు వచ్చింది. ఇందులో విమానం ఎంత భాగం అని అడిగితే, కొంచెం తంటాలు పడి, తొమ్మిదో వంతు అన్నారు. ఫోన్లో కనపడిన అంకె ఆ తొమ్మిదో వంతుది. మిగతా ఎనిమిది వంతులూ అడిగినవాడి ఊరిని బట్టి ఉంటాయి. ఢిల్లీలో విమానాశ్రయం పక్కన ఉండి, విశాఖలో ఎన్.ఏ.డి. కూడలిలో ఇల్లున్న మనిషికి ఆ ఫోను చెప్పింది దాదాపు నిజం. మా అక్కకి కాదు.

ఒక పిల్ల లేచి అడిగింది, "మాస్టారూ, గెడ్డ దగ్గర వేగం ఎంత?" నేను వెంటనే చెప్పలేకపోయాను. "దూరం తెలీదు కదమ్మా" అన్నాను. "అయితే కొలుద్దాం" అంది.

అందుకే వానలు తగ్గాక, కార్తీకంలో, ఐదో తరగతి పిల్లల్ని గెడ్డకి తీసుకెళ్ళాను. అటు ఒడ్డు చెట్టుకీ ఇటు ఒడ్డు చెట్టుకీ తాడు కట్టి, ముడులు వేసి, బడికి తెచ్చి మీటరు బద్దతో కొలిచారు. పద్నాలుగు మీటర్లు. ఐదుంపావు గంటలతో భాగించమన్నాను. గంటకి రెండు మీటర్ల అరవై ఏడు సెంటీమీటర్లు అని వచ్చింది. నత్త అంతకంటే తొందరగా పోతుందని ఒకడన్నాడు. మిగతావాళ్ళు నవ్వలేదు.

ఆ లెక్కంతా, విమానం అంకెతో సహా, తెల్లకాగితం మీద పిల్లలే రాశారు. కింద ఊరివాళ్ళ సంతకాలు, వేలిముద్రలు పెట్టించి కల్వర్టు కావాలని అర్జీ ఇచ్చాం. ఒకసారి ఎవరో వచ్చి టేపుతో కొలుచుకుని వెళ్ళారు. వాళ్ళకీ పద్నాలుగే వచ్చిందని పిల్లలు సంతోషపడ్డారు. కల్వర్టు ఇంకా రాలేదు. ప్రతి వేసవికీ మళ్ళీ ఒక కాగితం రాస్తున్నాం.

పిల్ల చదువు మానలేదు. మానిపిస్తానని అక్క ఒక్కసారి కూడా అనలేదు. నెల తిరక్కుండానే తిరిగి పంపింది. ఇప్పుడు ఆఖరి ఏడాది. మొన్న ఒక తల్లి తన కొడుకుని హైదరాబాదు చదువుకి పంపాలా వద్దా అని నన్ను అడగడానికి వస్తే, అక్క పక్కనే ఉంది. ఎంతసేపు పడతాదని ఆవిడ అడగగానే నేను ఫోన్ కోసం జేబులో చెయ్యి పెట్టాను. అక్క ఆవిడతో అంది, "ఎండాకాలమా, వానాకాలమా? ముందు అది చెప్పు."